సగం కోటు

ఆవిడ కోటును బల్ల మీద పరిచి కాలరు కింద వేలు పెట్టి చూపించింది. గొంతు పెంచలేదు. గొంతు పెంచని వాళ్ళంటేనే తెర వెనక ఇస్త్రీ చేస్తున్న ఆమెకు ఎక్కువ భయం.

"ఇది చూడండి. నేనిచ్చినప్పుడు ఇది లేదు."

ఆమె చేతిలోని ఇస్త్రీ పెట్టె గాల్లోనే ఆగిపోయింది. పైపులోంచి ఆవిరి బుస్సుమంది. పెట్టెను దాని గూట్లో ఆనించి, తెర సందులోంచి తొంగి చూసింది. ముదురు నీలం ఉన్ని కోటు. మొన్ననే తన చేతుల మీదుగా వెళ్ళింది. లోపలి వైపు తిప్పి, తడిగుడ్డ పరిచి, ఆవిరి పట్టి, చల్లారాక బ్రష్షుతో నూగు ఒక పక్కకి దువ్వి, ప్లాస్టిక్ కవరు తొడిగి తగిలించింది. అన్నీ చేసినట్టు గుర్తుంది. తడిగుడ్డ నిజంగా పరిచిందా? పరిచే ఉంటుంది. ఆ 'ఉంటుంది' అన్న మాట దగ్గరే మనసు ఆగిపోయింది.

"మచ్చ ముందే ఉంటే ఫోటోలో ఉంటుంది మేడం" అన్నాడు లాండ్రీ యజమాని. "మా దగ్గరికి వచ్చిన ప్రతి బట్టకీ ఫోటో తీస్తాం. అందుకే కదా కొత్త ఫోను కొన్నది! అమ్మాయ్, ఆ కోటు ఫోటో చూపించు."

కౌంటర్లో ఉండేది ఆమె కూతురే. బట్టలు తీసుకోవడం, చీటీ కట్టడం, ఫోటో తీయడం ఆ పిల్ల పని. చీటీ నంబరు చూసుకుని ఫోనులో వెతికింది. గోరంత బొమ్మల వరసలో ఈ కోటు కనిపించింది, హ్యాంగరుతో సహా నిండుగా. "ఇదుగోండి" అని దాని మీద వేలు పెట్టింది.

బొమ్మ పెద్దదైంది. పైన హ్యాంగరు కొక్కెం, దాని కింద కాలరు. ఆ కిందంతా బూడిద రంగు. చెమ్మ పట్టిన గోడలా ఉంది. మధ్యలో అడ్డంగా ఒక ఆకుపచ్చ గీత.

యజమాని ఫోను లాక్కుని అటూ ఇటూ వంచాడు, వంచితే లోపలున్న మిగతా కోటు జారి బయటపడుతుందన్నట్టు. మూసి మళ్ళీ తెరిచాడు. అదే కాలరు, అదే బూడిద.

"కాలరు దాకా చక్కగా వచ్చిందే" అంది కోటు మేడం. "సరిగ్గా మచ్చ దగ్గరికి వచ్చేసరికి పోయిందా?"

ఆవిడ కోటును మడిచి అక్కడే వదిలేసింది. "శనివారం వస్తాను. ఫోటో అయినా చూపించండి, కోటుకు కోటు అయినా ఇప్పించండి."

ఆవిడ మెట్లు దిగేదాకా యజమాని నవ్వు మొహం పెట్టుకునే ఉన్నాడు. తర్వాత తెర పక్కకి లాగాడు.

"తల్లి ఇస్త్రీ చేస్తుంది, కూతురు ఫోటో తీస్తుంది. బాగుంది మీ ఇద్దరి కంపెనీ."

"నేను కాల్చలేదయ్యా."

"కాల్చలేదని ఆ ఫోటో చెప్పాలి, నువ్వు కాదు. శనివారంలోగా ఆ కోటు నిండుగా కనపడాలి. లేదంటే ఈ తెర వెనక ఎవరు నిలబడాలో నేను చూసుకుంటా."

"సార్, నేను నిజంగానే తీశాను" అంది కూతురు. "ఆ రోజు షట్టరు సగం దించాక వచ్చారావిడ. అయినా తీశాను. తీసినప్పుడు బాగానే ఉంది."

"ఉంటే ఎక్కడికి పోతుంది? కాళ్ళొచ్చి నడిచిపోయిందా?"

ఆయన వెళ్ళాక ఆమె కోటు తీసుకుని కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుంది. మచ్చ గుండ్రంగా, బొటనవేలంత ఉంది. ఇస్త్రీ పెట్టె కాలిస్తే అంచు గీతలా పడుతుంది, నూగు అణిగి మెరుస్తుంది. ఇది అలా లేదు. ఆ సంగతి ఆమె చేతులకు తెలుసు. అయినా మనసు మాట వినదు. పని పోయినట్టు, ఇల్లు ఖాళీ చేసినట్టు, సామాన్లు రోడ్డు మీద పెట్టుకుని తల్లీ కూతురూ నిలబడినట్టు అప్పుడే కళ్ళ ముందు ఆడుతోంది.

"అమ్మా, మళ్ళీ మొదలెట్టావా?" అంది కూతురు తల ఎత్తకుండానే. "మొహం చూస్తేనే తెలుస్తోంది, ఎక్కడిదాకా వెళ్ళావో. రోడ్డు మీద సామాన్లా?"

"నోర్మూసుకో."

"ఆ సామాన్లలో నా దుప్పటి కూడా సర్దు. చలిగా ఉంటుంది."

ఇంకో రోజైతే ఆమె నవ్వేది.

సాయంత్రందాకా ఆ పిల్ల ఫోనుతోనే కుస్తీ పట్టింది. ఆపి మళ్ళీ పెట్టింది. అద్దం తుడిచింది. జాగా నిండిందేమో చూసింది, సగం కూడా నిండలేదు. అవీ ఇవీ ఫోటోలు తీసింది, హ్యాంగర్ల గుత్తి, గుండీల డబ్బా, తల్లి వీపు. అన్నీ శుభ్రంగా వచ్చాయి.

"దీనికేం జబ్బో అర్థం కావట్లేదు. నాతో ఆటలాడుతోంది" అంటూ షట్టరు దించే ముందు గోడ గడియారానికి ఇంకొకటి తీసింది. "చూడు, ఇదీ బాగుంది."

"చాల్లే, చీకటి పడుతోంది. ఇలా తే" అని ఆమె ఫోను చేతిలోంచి తీసేసుకుంది. "వెళ్ళి బయట బోర్డు లోపల పెట్టు."

పిల్ల బయటికి వెళ్ళగానే ఆమె రోజూ చేసే పనే చేసింది. గుడ్డ దిండుకు గుచ్చిన గుండుసూదుల్లోంచి ఒకటి తీసి, ఫోను అంచున ఉన్న చిన్న కన్నంలో పొడిచింది. ఒకసారి జారింది, రెండోసారి పడింది. లోపలి నుంచి నాలుకలాగా చిన్న పళ్ళెం బయటికొచ్చింది. అందులోని మెమరీ కార్డు తీసి గుండీల డబ్బాలో, పెద్ద కోటు గుండీల అడుగున దాచింది. పళ్ళెం లోపలికి నెట్టి, ఫోనును సొరుగులో పెట్టి తాళం వేసింది. పాత ఫోనును దొంగలు ఎత్తుకుపోయినప్పుడు ఫోటోలన్నీ దాంతోపాటే పోయాయి. యజమాని అరిచిన అరుపులు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. ఈసారి ఫోను పోతే పోతుంది, ఫోటోలైనా మిగులుతాయి. పొద్దున్నే బాయిలరు వెలిగించడానికి అందరికంటే ముందు వచ్చేది ఆమే కాబట్టి కార్డు మళ్ళీ పెట్టేదీ ఆమే. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే అమ్మ భయాల జాబితాలో ఇదొకటి చేరుతుంది, ఆ పిల్ల నెల రోజులు ఎగతాళి చేస్తుంది.

మర్నాడు పొద్దున్న కౌంటర్లోంచి కూతురు కేక పెట్టింది. "అమ్మా! నిన్నటి గడియారం!"

ఆమె పరుగున వెళ్ళింది. పన్నెండు అంకె ఉంది, దాని కింద కాస్త ముల్లు ఉంది. మిగతాదంతా బూడిద.

"నిన్న నీకు చూపించానా లేదా? బాగానే ఉందిగా? సొరుగులో పడుకుని లేచేసరికి సగమైంది."

ఆమె సొరుగు వెనక గోడను తడిమి చూసింది. "బాయిలరు ఆవిరి లోపలికి దూరుతోందేమోనే. గోడకి అవతలే కదా సొరుగు. చెమ్మకి నానిపోతోందేమో."

"ఫోటోలు నానతాయా?"

"కాగితం నానదా?"

"ఇందులో కాగితం ఎక్కడుందమ్మా?"

"అయితే పేలుతుందేమో. కొత్త ఫోన్లు పేలతాయట. నువ్వు దాన్ని మొహం దగ్గర పెట్టుకోకు."

కూతురు మొహం దగ్గరే పెట్టుకుని ఆమెనొక ఫోటో తీసింది. ఆమె తిట్టింది. కానీ ఆ మధ్యాహ్నం ఎవరూ చూడకుండా పాత దిండు గలీబు చింపి ఫోనుకొక సంచీ కుట్టింది. చెమ్మ తగలకుండా లోపల రెండు వరసల గుడ్డ వేసింది.

ఆ రోజు పని ముందుకు సాగలేదు. ప్రతి బట్టకీ తడిగుడ్డ పరిచాక, పరిచానా అని ఇంకోసారి తాకి చూసుకుంది. పెట్టె వేడిని గుడ్డముక్క మీద పరీక్షించి, మళ్ళీ పరీక్షించింది. బట్టలు వెనకబడ్డాయి. యజమాని రెండుసార్లు తెర ఎత్తి చూసి, ఏమీ అనకుండా దించేశాడు. అరిచి ఉంటే నయమనిపించింది.

సాయంత్రం కూతురు సంచీ చూసి నవ్వలేదు. "చాలా బాగా కుట్టావు" అంది. షట్టరు దించే ముందు మళ్ళీ గోడ గడియారానికి ఫోటో తీసి, ఫోను తల్లి చేతిలో పెట్టి, అడక్కుండానే బోర్డు తేవడానికి వెళ్ళింది.

ఆమె గుండుసూది తీసింది. కన్నంలో పొడిచింది. కార్డు గుండీల కిందికి చేరింది. సంచీలో ఫోను, సొరుగులో సంచీ. వెనక్కి తిరిగేసరికి సగం దించిన షట్టరు కింద కూతురు వంగి నిలబడి ఉంది, బోర్డు రెండు చేతుల్లో పట్టుకుని. ఎంతసేపటి నుంచి అలా ఉందో.

"ఏంటే అలా చూస్తున్నావు? నడుము పట్టిందా?"

"ఏం లేదు. పద."

దారిలో ఆ పిల్ల ఒక్క జోకూ వేయలేదు. రోడ్డు దాటేటప్పుడు రోజూ చెయ్యి పట్టుకునేది తల్లి. ఆ రోజు కూతురే పట్టుకుంది. దాటాక కూడా వదల్లేదు. పిల్లకి జ్వరమేమోనని ఆమె నుదురు తాకి చూసింది. చల్లగానే ఉంది.

శుక్రవారం యజమాని ఫోను కౌంటరు మీదికి తోశాడు. "రిపేరు షాపుకి తీసుకెళ్ళండి. బాగుపడుతుందో లేదో కనుక్కుని రండి. రేపే శనివారం."

"నేనొక్కదాన్నే వెళ్తా" అంది కూతురు వెంటనే.

"నేనూ వస్తా."

"ఎందుకమ్మా, నీకు ఇస్త్రీ పని ఉంది కదా. అక్కడ చేసేది ఏం లేదు, ఊరికే కూచోవాలి."

"ఒక్కదానివే ఫోను పట్టుకుని నడిరోడ్డు మీద పోతే ఎవడైనా లాక్కుపోతే? అప్పుడేం చేస్తావు?"

కూతురు ఏదో అనబోయి, ఆమె మొహం చూసి, ఊరుకుంది. అలా ఊరుకోవడం ఆ పిల్లకి అలవాటు కాదు. ఆమె అప్పుడే గమనించి ఉండాల్సింది.

రిపేరు షాపు అంటే రెండు గోడల మధ్య ఇరుకు సందు. ఒక బల్ల, ఒక దీపం, మూతలు ఊడదీసిన ఫోన్లు. నుదుటి మీద భూతద్దం కట్టుకున్న మనిషి వాళ్ళు చెప్పిందంతా విని, ఫోను తీసుకుని కూనిరాగం తీస్తూ ఏవేవో నొక్కాడు. కార్డు తీసి తన యంత్రంలో పెట్టి చూశాడు.

"ఫోనుకి రోగం లేదక్కా. కార్డూ బాగానే ఉంది."

"మరి ఫోటోలు?"

"అదే చూస్తున్నా. పగలు తీసినవన్నీ భేషుగ్గా ఉన్నాయి. పోయినవన్నీ ఒక్కలాంటివే. ఏ రోజు చూసినా ఆ రోజు ఆఖర్న తీసినదే పోతోంది. ఇదిగో, మొన్నటి గడియారం. నిన్నటి గడియారం. అంతకు ముందు ఎవరిదో దుప్పటి. ఈ కోటు కూడా అంతే." ఫోనును దీపం కిందికి తెచ్చి పక్కకి తిప్పాడు. భూతద్దం కళ్ళ మీదికి దించాడు. "ఈ గీతలేంటి? కన్నం చుట్టూ కోళ్ళు కెలికినట్టుంది. దేంతో తీస్తున్నారు కార్డు? సూదితోనా?"

ఆమె ఆ గీతల వైపు చూసింది. సన్నగా, వంకరగా, ఒకదాని మీద ఒకటి. ఏ గీత ఏ రోజుదో చెప్పగలననిపించింది.

"నొక్కగానే ఫోటో అయిపోయిందనుకుంటాం" అన్నాడతను, చేతులు తుడుచుకుంటూ. "అవదు. ఈ కొత్తవి ఒక్క ఫోటోకి నాలుగైదు తీసి కలిపి, నింపాదిగా కార్డులో రాసుకుంటాయి. పైకి అంతా అయిపోయినట్టే కనపడుతుంది, లోపల ఇంకా రాస్తూనే ఉంటుంది. ఆ టైములో కార్డు పీకేశారనుకోండి, తింటున్నవాడి ముందు నుంచి కంచం లాగేసినట్టే. తిన్నంత తిన్నాడు, మిగతాది గాలి. ఎవరు పీకుతున్నారు దీన్ని?"

"నేనే" అంది కూతురు.

చీటీ నంబరు చదివినంత మామూలుగా అంది. తల్లి వైపు చూడలేదు.

"ఎందుకమ్మాయ్?"

"భద్రంగా ఉంటుందని."

"బాగా భద్రం చేశావు తల్లీ!" అని అతను పెద్దగా నవ్వాడు. కూతురు కూడా కొంచెం నవ్వింది. ఆమె నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. భయం వేస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు. ఆ ఫోటోలోలాగే బూడిద రంగు ఒకటి మెడ దగ్గర మొదలై కిందికి దిగుతున్నట్టు, ఛాతీ దగ్గర నుంచి ఏమీ తెలియడం మానేసింది.

"ఒక్క మంచి కబురుంది" అన్నాడతను. "వరసలో కనపడే చిన్న బొమ్మని ఇది వేరేగా, ముందే రాసుకుంటుంది. అది బతికే ఉంది. కొంచెం పెద్దది చేసి ఇస్తా. అంత స్పష్టంగా ఉండదు గానీ..." యంత్రం తెర మీద కోటు పరుచుకుంది. గళ్ళు గళ్ళుగా, మసకగా, కానీ నిండుగా. కాలరు కింద, బొటనవేలంత, గోధుమ రంగు.

"ఇదేనా మీ మచ్చ?"

"ఇదే" అంది కూతురు. "అమ్మా, చూడు. ముందే ఉంది. నువ్వు కాదు."

నువ్వు కాదు అన్న ఆ మాట కోసమే కదా ఇన్నాళ్ళూ నిద్ర లేదు. విన్నా ఏమీ అనిపించలేదు. తల ఊపింది.

బయటికి వచ్చాక ఇద్దరూ కొంత దూరం నడిచారు. పళ్ళ బండి పక్కన ఆమె ఆగిపోయింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"నిన్న. బోర్డు తెస్తుంటే."

"నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే నువ్వు రెండు రోజులు తిండి మానేస్తావు."

"మరి అతనితో అలా ఎందుకు చెప్పావు?"

"ఎవరో ఒకరు చెప్పాలిగా. ఇతను మన సారుకి ఫోన్ చేస్తాడు, చుట్టాలు. అమ్మా, నీ చేతిలో ఉన్నది ఒక్క పని. ఈ వయసులో ఇంకెక్కడ నిలబెడతారు నిన్ను? నాకేం? నాలుగు చోట్ల అడుగుతా. ఒకచోట దొరుకుతుంది." కాస్త ఆగి, "సంచీ నేను ఉంచుకుంటా. బాగుంది" అంది.

"నేను చెబుతాను ఆయనతో."

"చెప్పకు."

"చెబుతాను."

"సరే, చెప్పు. ముందు రోడ్డు దాటు."

శనివారం కోటు మేడం వచ్చింది. యజమాని మసక బొమ్మను ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకుంది. కోటు మీది మచ్చనీ బొమ్మలోని మచ్చనీ మార్చి మార్చి చూసింది.

"ఓహో" అంది.

కోటు మడిచి చేతి మీద వేసుకుని వెళ్ళిపోయింది. తెర వైపు కన్నెత్తి చూడలేదు. ఆమె తెర పక్కనే, కనపడేలాగే నిలబడి ఉంది.

"గండం గడిచింది" అన్నాడు యజమాని. తర్వాత కూతురి వైపు తిరిగాడు. "రిపేరతను అంతా చెప్పాడు. ఫోను నీ చేతికిస్తే సూదులు పెట్టి పొడుస్తావా? నిన్నెవరు తియ్యమన్నారు కార్డు? ఇంకెన్ని పోయాయో, రేపు ఇంకెవరొచ్చి మీద పడతారో! సోమవారం నుంచి మా మేనకోడలు కౌంటర్లో కూచుంటుంది. నువ్వు రానక్కర్లేదు."

"సరే సార్" అంది కూతురు.

"ఆ పిల్ల కాదయ్యా" అంది ఆమె. "నేను. కార్డు తీసింది నేను."

యజమాని చేత్తో గాలిలో ఏదో తోసేసినట్టు చేశాడు.

"నువ్వు ఊరుకోమ్మా. తల్లివి, నువ్వలాగే అంటావు."

"నిజంగానే అయ్యా. రోజూ నేనే తీసేదాన్ని. ఇదుగో, ఈ డబ్బాలో..." గుండీల డబ్బా తెచ్చి మూత తీసింది. "సూదితో తీసి ఇక్కడ పెట్టేదాన్ని."

ఆయన డబ్బాలోకి చూశాడు. గుండీలు. ఆమె మొహంలోకి చూశాడు. జాలిగా నవ్వాడు.

"టీవీ రిమోట్ నొక్కడానికి భయపడతావని నీ కూతురే చెప్పింది. నువ్వు ఫోను విప్పుతావా? చాల్లే, పిల్లని కాపాడుకోవాలని ఉంటుంది, తెలుసు. నీ పని మీద నాకేం అనుమానం లేదు. పనికి పో."

దిండులో గుండుసూదులు ఉన్నాయి. ఒకటి తీసి, ఫోను అందుకుని, ఆ కన్నంలో పొడిచి చూపిస్తే సరిపోయేది. చెయ్యి అటు వెళ్ళింది. దిండు మీద ఆగింది. అక్కడే ఉండిపోయింది. మూడోసారి ఆమె ఏమీ అనలేదు.

కూతురు సొరుగులోంచి తన దువ్వెన, గుడ్డ సంచీ తీసుకుంది. సంచీలో ఫోను లేకపోయేసరికి అది చిన్నపిల్ల మేజోడులా వేలాడుతోంది.

"దీపాల షాపులో మనిషి కావాలని కాగితం అంటించారట. అడిగి ఇంటికి వెళ్తా."

"ఇప్పుడేనా? ఒక్కదానివేనా?"

"ఇప్పుడే. ఒక్కదాన్నే."

యజమాని ఫోను తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "సోమవారం దాకా ఫోటోలు నువ్వే తియ్యి. ఈ తెల్ల గుండ్రం నొక్కాలి, అంతే. నువ్వైతే జాగ్రత్త మనిషివి. నీ చేతిలో వస్తువు భద్రంగా ఉంటుంది."

అప్పుడే ఒకాయన కర్టెన్ల మూట తెచ్చి బల్ల మీద పడేశాడు. ఆమె ఒకటి విప్పి పరిచింది. చీటీ పక్కన పెట్టింది. ఫోను రెండు చేతులా పట్టుకుని గుండ్రం నొక్కింది. తెర ఒక్కసారి రెప్ప వేసింది. కింద మూల, చిన్న బొమ్మ మీద, సన్నటి ఉంగరం ఒకటి తిరగడం మొదలైంది. ఇన్నాళ్ళూ ఆమె దాన్ని చూడనేలేదు.

కూతురు మెట్లు దిగింది. ఎప్పుడు ఒంటరిగా పంపినా ఆమె గుమ్మం దగ్గరుండేది. రోడ్డు చూసి దాటమనేది, చేరగానే ఫోన్ చేయమనేది, ఆ పిల్ల వెనక్కి చూడకుండా చెయ్యెత్తి ఊపేది. ఉంగరం తిరుగుతోంది.

"అయిందామ్మా?" అన్నాడు కర్టెన్లాయన. "నేను వెళ్ళొచ్చా?"

"కొంచెం ఆగండి" అంది ఆమె. "ఇంకా రాసుకుంటోంది."

తల ఎత్తలేదు. ఉంగరం ఆగి, మాయమై, కర్టెను పై అంచు నుంచి కింది కుట్టు దాకా నిండుగా తెర మీద నిలిచాక అప్పుడు చూసింది. గుమ్మం బయట మెట్లున్నాయి. అవతల రోడ్డుంది. కూతురు అప్పటికే దాటేసింది.